చెవులు మాత్రం వాళ్లమ్మవి

మొన్న తాడేపల్లిగూడెంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, హాల్లో గోడకున్న మా నాన్నగారి ఫొటోని చెల్లెలి మనవరాలు తన ఫోనుతో ఫొటో తీసి, రెండు మూడు చోట్ల వేలితో నొక్కి, చూడు తాతయ్యా అని నా ముందు పెట్టింది. మా నాన్నగారు తల అటూ ఇటూ తిప్పారు. కళ్లార్పారు. ఆ తర్వాత పళ్లు కనబడేలా నవ్వారు. నా చేతిలోని కాఫీ పంచె మీద ఒలికింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు గాని, నేను కొట్టలేదు. ఎందుకంటే మా నాన్నగారు ఎవరినీ తల తిప్పి చూసిన మనిషి కాదు. పక్కనున్నవాణ్ణి చూడాలంటే మొత్తం మనిషే అటు తిరిగేవారు. మాది మెడ వంగని ఇల్లని ఊళ్లో అనుకునేవారు, దాన్ని మేము పొగడ్తగానే తీసుకున్నాం.

నా ఈడువాళ్లకి చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. లేని ముఖాన్ని కాగితం మీదికి తేవడం చాలాకాలం నా వృత్తి. ఆ పని ఎలా చేసేవాళ్లమో తెలిసిన చెయ్యి కనుకనే, ఆ పిల్ల వేలు నొక్కిన తీరు చూసి అంత ఉలిక్కిపడ్డాను.

ఏలూరులో ఒకప్పుడు మా ఇంటిని దివాణం అనేవారు. నాకు ఊహ తెలిసేసరికే పొలాలు జారిపోవడం మొదలై, నేను సంసారంలో పడేసరికి ఇల్లు కూడా చేతులు మారింది. రెండువేల సంవత్సరం దాటాక అది ఇంటర్ కాలేజీ పిల్లల హాస్టలైంది. మా అమ్మగారి పూజగది కిటికీకి తువ్వాళ్లు ఆరేసి ఉండేవి. ఆ దారిన వెళ్లక తప్పకపోతే నేను ఎదుటి వైపునుంచి, తల తిప్పకుండా, ఎప్పుడూ నడిచే నడకే నడిచి వెళ్లేవాణ్ణి. బొమ్మలు వేసి బతుకుతానని నేనన్న రోజున నాన్నగారు, మనం బొమ్మలు వేయించుకునేవాళ్లమేగాని వేసేవాళ్లం కాదు అన్నారు. ఆ మాట మీద పంతం కొద్దీ నేను వేసిన ప్రతి బొమ్మకీ అడుగున నా పేరు కాకుండా మా ఇంటిపేరు పూర్తిగా రాసి సంతకం చేసేవాణ్ణి.

వారపత్రికలకి కథల బొమ్మలు వేసే రోజుల్లో నాకో పద్ధతి ఉండేది. కథ చేతికి రాగానే మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివేవాణ్ణి. రెండోసారి మనుషుల చేతులు ఏం చేస్తున్నాయో అది మాత్రమే చూస్తూ చదివేవాణ్ణి. రాసేవాళ్లు ముఖాల గురించి ఎన్ని కోతలైనా కోస్తారు గాని చేతుల దగ్గర దొరికిపోతారు. చేతులు దొరికాక ముఖాల కోసం బయల్దేరేవాణ్ణి. ఫొటోలు చూసి వేయడం నాకు నామోషీ. ఏడుపు ముఖం కావాలంటే తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్లేవాణ్ణి, ఎందుకంటే అక్కడ గుట్టల దగ్గర పాయలు ఏరే ఆడవాళ్లు పొద్దస్తమానం కళ్లనీళ్లు కారుస్తూ, ఆ కళ్లనీళ్లతోనే విరగబడి నవ్వుతూ ఉంటారు. అలాంటి ముఖాలు లోకంలో ఇంకెక్కడా దొరకవు. ఓసారి అందులో ఒకావిడ నన్ను నిలేసింది. "ఏవండీ బొమ్మలాయనగారూ, కిందటి వారం పుస్తకంలో నన్ను విధవరాల్ని చేసేసేరంట గదండీ! మా ఆయన ఆ పుస్తకం పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. ఈసారన్నా పెళ్లికూతుర్ని చెయ్యండి, లేకపోతే ఇక్కడ కూచోనివ్వం." ఆ తర్వాతి వారం కథలో పెళ్లి లేకపోయినా ఆవిడ ముఖానికి బాసికం కట్టక తప్పలేదు, సంపాదకుడి చేత చీవాట్లూ తప్పలేదు.

తర్వాత తర్వాత పత్రికలు పలచబడ్డాయి. కథకి రెండు బొమ్మలు పోయి ఒకటైంది, ఆ ఒకటీ కంప్యూటరు వేయడం మొదలుపెట్టింది. ఫ్లెక్సీల షాపులొచ్చి, రాత్రికి చనిపోయినవాళ్లు తెల్లారేసరికి నాలుగురోడ్ల కూడలిలో నిలువెత్తున నిలబడడం మొదలైంది. అయినా వాళ్లకి ఫొటో ఉండాలి గదా. ఫొటో లేనివాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాల్లో పోయినవాళ్ల పేరిట జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటారు. బల్ల మీద ఆ మనిషి పటం లేకపోతే పాటలు ఎవరి ముందు పాడాలి?

ఎన్నడూ చూడని మనిషిని వేయడమెలాగని చాలామంది అడిగేవారు. ఆయన ఎలా ఉండేవారని ఇంట్లోవాళ్లని అడగకూడదు. చాలా అందంగా ఉండేవారండీ అంటారు, దానితో మనకేమీ పని జరగదు. అందర్నీ వరసగా కూర్చోబెట్టి, ఎవరిని వెనకనుంచి చూసి ఆయనే అనుకుని పిలుస్తారు, ఎవరి దగ్గు విని ఉలిక్కిపడతారు, కోపమొస్తే ఎవరి కళ్లు ఆయన కళ్లవుతాయి అని అడగాలి. ఒకరి నుదురు, ఒకరి ముక్కు, ఒకరి గడ్డం తీసుకుని మనిషిని కూర్చాలి. పెదవేగిలో ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరు ముక్కు కోసం కొట్టుకోవడమొక్కటే తక్కువ.

"నాన్న ముక్కు నాదండీ, చూడండి."

"నీది మావయ్య ముక్కురా! నాన్నది ఇదిగో, ఇలా తిరగండి సార్, ఇలా చూడండి."

లోపల బియ్యం చెరుగుతున్న తల్లి అక్కడినుంచే కేక వేసింది. "మీ ఇద్దరిదీ కాదు, అది మీ అక్క పట్టుకుపోయింది. పామాయిల్ తోటలో ఉంటుంది, పిలుచుకు రండి."

బొమ్మ పూర్తయ్యాక మా అమ్మగారు చూడకుండా గడప దాటేది కాదు. ఎనభై దాటినా ఆవిడ చూపు ఆవిడదే. కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, బాగుందనీ బాగాలేదనీ అనేవారు కాదు. ఒక్క మనిషే అంటే బొమ్మ కుదిరినట్టు. ఇక్కడ ఇద్దరున్నారురా అంటే మళ్లీ మొదలు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేసిన మరుసటి ఏడాది అనుకుంటాను, ఏలూరులో పాఠాలు చెప్పుకునే ఒక అమ్మాయి మా వాటా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్ను చూడగానే ఏం చెప్పాలో మరిచిపోయినదానిలా అలాగే ఉండిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ల నాన్న పోయి ఏడాది కావస్తోందనీ, ఉన్న ఒక్క ఓటరు కార్డు ఇల్లు మునిగినప్పుడు తడిసి ముఖం చెదిరిపోయిందనీ, కూడికకి పటం కావాలనీ, వాళ్ల పాస్టరుగారు నా పేరు చెప్పారనీ, అన్నీ నేల చూపులు చూస్తూనే చెప్పింది. నాకది పిల్ల బిడియంలా తోచింది.

చెప్పిన రోజున కైకలూరు రోడ్డులో బస్సు దిగి, గట్టు మీద నడిచి, కొల్లేటి నీళ్ల మధ్యనున్న వాళ్ల లంకకి వెళ్లే తాటిదోనె ఎక్కాను. దోనె తోసే ముసలాయన నీళ్లకేసి కాకుండా నాకేసి చూస్తూ గెడ వేస్తున్నాడు.

"ఏ ఊరండీ తమరిది?"

"ఏలూరు."

"ఏలూరేనాండీ? తమవాళ్లెవరూ ఇటేపు వచ్చేవారు కాదాండీ?"

మా నాన్నగారు ఆ రోజుల్లో పిట్టల వేటకి వచ్చి ఇక్కడే మకాం పెట్టేవారని కాస్త గొప్పగానే చెప్పాను. "ఆయ్, వచ్చేవారండీ. వచ్చేవారు" అని ఆయన కిక్కిస గడ్డి దుబ్బులకేసి ముఖం తిప్పుకుని నవ్వుకున్నాడు. పాతకాలపు పెద్దమనిషిని తలుచుకుని మురిసిపోతున్నాడనుకున్నాను.

ఆ ఇంటి ముందు అరుగు మీద చనిపోయినాయన భార్య కూర్చుని ఉంది. అప్పటికే చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. నేను కాగితం పరిచి నా ప్రశ్నలు మొదలుపెట్టాను. కూతురు ఎవరి పోలిక? పూర్తిగా నా పోలికేనండీ అంది ఆవిడ. ఆయనకి అన్నదమ్ములు? వాళ్లమ్మకి ఒక్కడేనండీ. పోనీ ఆయన తండ్రి వైపు వాళ్లు ఎవరైనా? అమ్మాయి గోడవైపు తిరిగిపోయింది. నేను అదే ప్రశ్న మళ్లీ అడిగాను.

వాకిట్లో గెడకర్ర ఆనించుకుని నిలబడ్డ ముసలాయన ఇక ఉండలేకపోయాడు. "ఇంకా ఎందుకమ్మా మొహమాటం? ఆ గుంజకున్న అద్దం తీసి ఆయన చేతికియ్యి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది. "కోప్పడకండి బాబూ. మా అత్తగారు మీ నాన్నగారి మకాంలో వంట చేసేవారండీ. మా ఆయన అక్కడే పుట్టేరు. మీ నాన్నగారి బిడ్డేనండీ. ఊరందరికీ ఎరికే. మీకు తెలీదన్న సంగతే మాకు తెలీదండీ. ఏదో అడగడానికి పిలిపించలేదు, మా అమ్మాయి మీద ఒట్టు. పాస్టరుగారు చెబితే దాన్ని పంపేను. అది తిరిగొచ్చి, అమ్మా, నాన్న మొహం ఏలూరులో ఉందే అని ఒకటే ఏడుపండీ."

పెద్దకొడుకైనా చిన్నకొడుకైనా నేనే అని చెప్పుకుంటూ మా నాన్నగారికి తలకొరివి పెట్టినవాణ్ణి నేను. లేచి నిలబడి, ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలుసా అని గట్టిగా అన్నట్టు గుర్తు. కాగితాలు చుట్టేసి దోనె తియ్యమన్నాను. ముసలాయన కదలలేదు.

"గాలి తిరిగిందండీ. పొద్దు వాలేదాకా దోనె ఆగదు, తోసుకుపోద్ది. కూచోండి, కొత్తేం లేదు, మీ అన్నగారి మంచమే."

కూర్చోక చేసేదేముంది? చుట్టూ నీళ్లు. నా జన్మలో అంత అవమానం ఎరగను. అంత పెద్ద మాట విన్నాక కూడా ఎదురుగా గూడబాతులు మామూలుగా చేపలు పట్టుకుంటూ ఉండడం నాకు వింతగా తోచింది. ఆ నులకమంచం మీద, వెనక గోడ ఉన్నా ఆనుకోకుండా, నిటారుగా కూర్చున్నాను. ఆవిడ మజ్జిగ గ్లాసు తెచ్చి, ఇవ్వడం మరిచిపోయి నన్నే చూస్తోంది. "అచ్చం అలాగే కూచునేవారండీ. గోడకానుకుంటే ఏం పోయిందని రోజూ పోట్లాడేదాన్ని. ఊళ్లో ఆయన్ని దొరగారూ, దొరగారూ అని ఏడిపించేవారు" అని నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. భర్త నడుము గుర్తొచ్చిన ఆడమనిషి నవ్వు అది.

నేను కాగితం మళ్లీ విప్పింది దయతో కాదు. ఆ మాట అబద్ధమైతే బొమ్మలో తేలిపోతుందని విప్పాను. ఆయన గడ్డం గీసుకునే ఆ అంచు పగిలిన అద్దాన్ని గుంజకి నాకెదురుగా కట్టారు. అన్నేళ్ల వృత్తిలో నా ముఖం నేను వేసుకోలేదు. వేయడం మొదలుపెట్టాక ఆవిడ నా వెనక చేరి చెబుతూ పోయింది. "మీ అంత తెల్లగా కాదండీ, ఎండకి కమిలిపోయేరు. కళ్ల కింద ఇంకాస్త లోతండీ. గడ్డం మీద సొట్ట... మీకూ ఉంది గదండీ, అదే, అదలా ఉంచండి." నేను చెరిపింది తక్కువ. కళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెప్పడం మానేసింది. వెనక్కి తిరిగి చూస్తే కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. గాలి పడిపోయిందని ముసలాయన పిలిచాడు. చెవులూ భుజాలూ ఇంటి దగ్గర వేసుకోవచ్చునని లేచాను.

ఇంటి దగ్గర పూర్తయితే చేశాను గాని, బొమ్మని గోడవైపు తిప్పి పెట్టాను. ఈ బొమ్మ మా అమ్మగారి కంట పడకూడదు. కూడు తక్కువైన రోజుల్లో కూడా తన భర్త పేరు తలెత్తుకుని చెప్పుకున్న మనిషి ఆవిడ. ఆ వయసులో ఆవిడకి మిగిలింది ఆ పేరొక్కటే. అది కూడా నా చేతులతో తీసేసుకోవడమా? అలాగని పటం ఇవ్వకుండా ఉంటే, కూడిక రోజున ఆ అరుగు మీదావిడ ఖాళీ బల్ల ముందు కూర్చోవాలి. బస్సు కండక్టరు చేతికిచ్చి చడీచప్పుడూ లేకుండా పంపించేద్దామని నిర్ణయించుకున్నాను.

"కొల్లేటి బొమ్మ చూపించలేదేం?" అన్నారు అమ్మగారు మర్నాడు.

"ఇంకా ఆరలేదమ్మా."

"ఆరని బొమ్మని గోడకి తిప్పి పెడతారట్రా?" అంటూ ఆవిడే వెళ్లి ఇటు తిప్పారు.

కళ్లజోడు పెట్టుకున్నారు. బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్ల ఇంట్లో పోలికలు దొరక్క అద్దంలో నన్నే చూసి వేశానని చెబుదామని మాటలు కూడదీసుకుంటున్నాను. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఒక్క మనిషే" అన్నారు.

నేను ఊపిరి తీసుకునేలోపే మళ్లీ అన్నారు. "చెవులు తప్పు. నీ చెవులు పెట్టావు. ఆ అబ్బాయి చెవులు వాళ్లమ్మవిరా. వెడల్పుగా, పైన కాస్త మడత పడి ఉంటాయి. తక్కినదంతా మీ నాన్నే."

ఆవిడ కళ్లజోడు తీయకుండానే, పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పారు. నీళ్లు తగ్గే రోజుల్లో ఏటా దివాణం పెరటి గుమ్మంలోకి కొరమేను పట్టుకొచ్చేవాడు, పెద్దది నీ కోసం ఏరి తెచ్చేవాడు, పెరటి అరుగు మీద కూర్చోబెట్టి నేనే అన్నం పెట్టేదాన్ని, గోడకి ఆనుకునేవాడు కాదు. ఎవరని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇల్లు పోయాక ఎక్కడికి రావాలో తెలియలేదు కాబోలు అన్నారు.

నాకు గుర్తొచ్చింది. తడి గంప గుర్తొచ్చింది. గచ్చు మీద ఆరుతున్న తడి పాదాల గుర్తులు, గంపలోంచి ఎగిరిపడే చేప తోక గుర్తొచ్చాయి. వాటిని ఏవేవో కథలకి బొమ్మల్లో వాడుకున్నాను కూడా. ముఖం మాత్రం గుర్తు రాలేదు. ముఖాల కోసం గూడెం మార్కెట్టు దాకా పోయేవాణ్ణి, మా పెరటి అరుగు మీద కూర్చున్న ముఖం కేసి ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.

"ఎప్పుడు పోయాడట?" అని అడిగారు అమ్మగారు. నిరుడు వానల్లోనని చెప్పాను. ఆవిడ బొమ్మని గోడకి జాగ్రత్తగా ఆనించి, నూతి దగ్గరికి వెళ్లారు. చేద పడిన చప్పుడు వినబడి నేను పరుగెత్తుకెళ్లేసరికి, కట్టుకున్న చీరతోనే నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటున్నారు. దగ్గరివాళ్లు పోయారని ఎంత ఆలస్యంగా విన్నా, విన్నప్పుడు తలమీద నీళ్లు పోసుకోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. బంధువు కానివాడికి ఎవరూ పోసుకోరు.

"అలా చూస్తావేంట్రా? అన్న పోయాడని విన్నాక తలస్నానం చెయ్యకుండా కూచుంటారా ఎవరైనా?" అని తడి చేత్తోనే చేద నాకందించారు. "చెవులు దిద్ది, నువ్వే పట్టుకెళ్లి ఇవ్వు. బస్సులో పంపకు."

చెవులు దిద్దాను. ఎప్పటిలాగే అడుగున మా ఇంటిపేరు రాశాను. అది బొమ్మ వేసినవాడిదో, బొమ్మలో ఉన్నవాడిదో, చూసేవాళ్లు తోచినట్టు అనుకోవచ్చు.

కూడిక రోజున పటం బల్ల మీద పెట్టాక ఆయన భార్య ముందుకొచ్చి, కళ్లవైపు కాకుండా చెవులవైపు చూసి, వేలితో తడిమింది. "చెవుల సంగతి నేను చెప్పలేదు గదండీ. మీకెలా తెలిసింది?"

"మా అమ్మగారు చెప్పారు" అన్నాను.

ఆవిడ పటం మీదనుంచి వేలు తీసి, కొంగు సర్దుకుంది. "అమ్మగారు బాగున్నారాండీ?" అని మెల్లిగా అడిగింది.

పాస్టరుగారు పక్కనున్న పెద్దల కుర్చీల్లో నాకొకటి వేయించారు. అటు నడుస్తుంటే దోనె ముసలాయన జనంలోంచి అన్నాడు, "అక్కడ కాదండీ. ఇంటివాళ్ల వరస ఇటు." అమ్మాయి చాప మీద కాస్త జరిగి చోటిచ్చింది. వెళ్లి కూర్చున్నాను. వీపు వంచలేదు, ఆ వరసలో అలా కూర్చోవడమే సరైన పద్ధతి.

ఇప్పుడు అమ్మగారు లేరు. వారపత్రికలు లేవు. గూడెం మార్కెట్టులో నన్ను నిలేసే ఆవిడా లేదు. కొల్లేట్లో గట్లు ఎక్కడివక్కడ మళ్లీ లేస్తున్నాయని ఆ అమ్మాయే ఫోనులో చెబుతూ ఉంటుంది. ఆమె నన్ను ఇప్పటికీ ఆర్టిస్టుగారనే పిలుస్తుంది. మరో పిలుపు కోసం నా చెవి కాచుకుని ఉంటుందని ఆమెకి తెలియదు. నేనూ చెప్పలేదు.

మొన్న చెల్లెలి ఇంట్లో, ఇంకెవరివైనా పాత ఫొటోలుంటే చెప్పు తాతయ్యా, అందర్నీ నవ్వించేద్దాం అంది ఆ పిల్ల. ఇన్నేళ్లూ మా ఇంట్లో అమ్మగారికీ నాకూ మధ్యనే ఉండిపోయిన మాట ఎలా బయటికి వచ్చిందో నాకే తెలియదు. "మా అన్నగారి పటం ఒకటుంది, కొల్లేట్లో" అన్నాను. మా చెల్లెలు చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టేసింది. ఫోనులో నవ్వుతున్న నాన్నగారిని ఎవరో చేత్తో మూసేశారు.

ఆ యంత్రం మీద నాకు కోపం లేదు. నవ్వని మనిషిని క్షణంలో నవ్వించింది, నేను జన్మంతా కూర్చున్నా ఆ పని చెయ్యలేను. కాని, చెవులు ఎవరివని అది ఎవర్నీ అడగదు. అడిగేదే అయితే, ఎవరో ఒకరి అరుగు మీద, గాలి తిరిగేదాకా, కదలకుండా కూర్చోవలసి వచ్చేది.